చిత్రిక పట్టిన డెక్కు

సనాబిస్‌లో నేను వెళ్ళే మంగలి షాపు మీద నాకొక ఫిర్యాదు ఉంది. చెవుల మీద పడుతున్న జుట్టు కొంచెం తగ్గించమని అడుగుతాను. అతను శ్రద్ధగా వింటాడు, తల ఊపుతాడు, ఆ తర్వాత తనకు ఏది మంచిదనిపిస్తే అది చేస్తాడు. బయటికి వచ్చేసరికి ఏదో పటాలంలో చేరడానికి బయల్దేరినవాడిలా ఉంటాను. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నేనడిగిన క్రాఫు నాకు దక్కలేదు. షాపు మార్చవచ్చు కదా అంటారు. మార్చాను. ఆ షాపులో ఇతని తమ్ముడున్నాడు.

అలాంటి క్రాఫుతోనే ఒక బుధవారం పొద్దున సిత్రాలో మా వర్క్‌షాపుకి వెళ్ళాను. మా మేస్త్రి చేతిలో పని ఆపి నన్ను ఎగాదిగా చూశాడు.

"మొక్కు తీర్చుకొచ్చారాండి మాస్టారూ? మరి మా వాటా లడ్డూ ఏదండి?"

మేస్త్రిది గోదావరి పక్క. వయసు యాభై దాటింది. వడ్రంగం తాతల నుంచి వచ్చింది. నాది జగిత్యాల దగ్గర ఊరు. నేనుండేది ఈ చిన్న గల్ఫ్ దీవిలోనైనా, మా ఊళ్ళో ఇప్పటికీ దుబాయిలో ఉన్నాననే అనుకుంటారు, సరిదిద్దడం ఎప్పుడో మానేశాను. మా వర్క్‌షాపులో ఎగ్జిబిషన్ స్టాళ్ళు, బోర్డులు, ఆఫీసు కౌంటర్లు తయారు చేస్తారు. అక్షరాలు, బొమ్మలు కంప్యూటర్లో నేను పేరుస్తాను, చెక్కపని అతను చేస్తాడు. నేను ఎం.ఎ. చదివానని తెలిసిన రోజు నుంచి అతనికి నేను మాస్టారునే. పాఠం చెప్పిన పాపాన మాత్రం ఎన్నడూ పోలేదు.

ఆ రోజు వచ్చిన పని కొంచెం పెద్దది. జుఫైర్‌లో అమెరికావాళ్ళ నౌకాదళం బేసు ఉంది. అక్కడ ఒక హాల్లో గోడ పొడవునా చరిత్ర ప్రదర్శన పెట్టాలి. విమానాలు మోసే నౌకలన్నిటి మీదా అజమాయిషీ చేసే ఒక పెద్ద కమాండు చరిత్ర అది. ఆ కమాండు ఆఫీసు ఇక్కడ లేదు, సముద్రాల అవతల ఉంది. దాని పెద్దాయన సోమవారం ఇటు వస్తున్నాడు. ఇంటికి పెద్దమనిషి వస్తున్నప్పుడు ఆయన తాతముత్తాతల ఫోటోలు దులిపి గోడకి తగిలించడం మర్యాద. ఏ దేశంలోనైనా అంతే.

చరిత్రలో ఎం.ఎ. చేసినవాడికి చరిత్రకి సంబంధించిన పని దొరకడం మా క్లాసులో బహుశా నా ఒక్కడికే జరిగింది. కాబట్టి బేసువాళ్ళు పంపిన కాగితాలన్నీ అవసరానికి మించి చదివాను. మొదటి బోర్డు, ఓడ మీద విమానమంటే పెద్ద ఫిరంగుల అడ్మిరల్స్ నవ్విన కాలానిది. దూరంగా ఏముందో చూసి చెప్పడానికి తప్ప అది ఎందుకూ పనికిరాదని వాళ్ళ నమ్మకం. రెండో బోర్డులో ఆ నవ్వు ఆగింది. విమానాల విద్య వచ్చినవాడే ఈ నౌకలకి కెప్టెన్ కావాలని చట్టం తెచ్చారు. దాంతో జుట్టు నెరిసిన కెప్టెన్లు కూడా కుర్రాళ్ళ పక్కన కూర్చుని విమానం నేర్చుకున్నారు. ప్రమోషన్ మీద ఆశ మనిషిని ఎంత ఎత్తుకైనా తీసుకుపోతుంది.

మూడో బోర్డు యుద్ధానిది. వాళ్ళ నౌకల మీద విమానాలు దిగే పైభాగం, అంటే డెక్కు, అప్పట్లో చెక్కతో చేసేవారు. బాంబు పడి కాలితే, కాలిన చెక్కలు పీకేసి కొత్తవి పరిచి మళ్ళీ విమానాలు దించేవారు. నాలుగో బోర్డులో పేర్ల మార్పిడి. కమాండుకి ఒక పేరు, తర్వాత ఇంకో పేరు. రెండు తీరాలకి ఇద్దరు పెద్దలు. చాలా కాలానికి ఇద్దరిలో ఒకరిని పెద్దన్నను చేశారు. రెండో ఆయన ఏమనుకున్నాడో బోర్డులో లేదు.

ఇంత చరిత్రలో నాకు నచ్చింది ఒక చిన్న సంగతి. ఈ కమాండు తనంతట తాను యుద్ధం చేయదు. నౌకని, విమానాలని, మనుషుల్ని సిద్ధం చేసి, యుద్ధం చేసేవాళ్ళకి అప్పజెప్పడం దాని పని. తర్వాత ఏం జరిగినా పేరు వాళ్ళదే. మా వర్క్‌షాపు పద్ధతి కూడా ఇదే కాబట్టి నాకు సులువుగానే అర్థమైంది.

మధ్యాహ్నం బేసు నుంచి ఒక ముసలాయన వచ్చాడు. ఒకప్పటి నావికుడు. ఒక మోకాలు సరిగా వంగదు. ప్రదర్శన బాధ్యత ఆయనది. పాత దుప్పటిలో చుట్టిన ఒక చెక్కని పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టాడు. యుద్ధకాలపు నౌక డెక్కు చెక్క. ఆ నౌకని పాతసామానుకింద అమ్మేసినప్పుడు, దాని మీద పనిచేసిన ఆయన తండ్రి అడిగి తెచ్చుకున్నాడట. చెక్కంతా నూనె మరకలు, గీతలు. మధ్యలో అరచేయంత నల్లటి మచ్చ. కాలుతూ దిగిన విమానం చేసిన మచ్చ అని చెప్పాడు. ఆ రోజు తన తండ్రి దానికి దగ్గరలో ఉన్నాడని, తండ్రి స్నేహితుడు ఇంకా దగ్గరలో ఉన్నాడని చెప్పి ఊరుకున్నాడు.

చెక్క చుట్టూ ఫ్రేము కావాలన్నాడు. అద్దం వద్దన్నాడు, చూడటానికి వచ్చినవాళ్ళు చేత్తో ముట్టుకోవాలి. పక్కన ఆ మచ్చ ఫోటో పెద్దది చేసి, కింద దాని కథ రాయాలి. నేను ఫోటో తీసుకున్నాను. ఆయన చెక్కని ఒకసారి తట్టి, దుప్పటి మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మేస్త్రి ఆ సమయానికి భోజనానికి పనివాళ్ళ క్యాంపుకి వెళ్ళి ఉన్నాడు. తిరిగొచ్చాక మా కఫీల్, అంటే మా వీసాలు చేతిలో ఉన్న వర్క్‌షాపు యజమాని, అతనికి చెక్క చూపించి, ఫ్రేము కొలతలు చెప్పి, సోమవారం సభలో పెడతారు, బాగా చేయమన్నాడు. అంతకంటే ఎవరూ ఏమీ చెప్పలేదు.

మేస్త్రి ఇంటి సంగతి ఇక్కడ చెప్పాలి. అతని భార్య సనాబిస్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుంది. అంతకుముందు చాలా ఏళ్ళు అతను మస్కట్‌లో, ఆవిడ కువైట్‌లో. కాపురమంతా ఫోనులోనే. కిందటేడు ఎలాగో ఇద్దరికీ ఒకే దీవిలో పని దొరికింది. శుక్రవారం మధ్యాహ్నం ఆవిడకి సెలవు. ఇద్దరూ ఒక టీ కొట్టు బయట బల్ల మీద కూర్చుని సాయంత్రం దాకా ఎక్కువగా పోట్లాడుకుంటారు. శుక్రవారం కోసం మేస్త్రి గురువారమే చొక్కా ఇస్త్రీ చేసుకునేవాడు.

ఆ నెలాఖరుకి అతని వీసా అయిపోతోంది. కఫీల్ మళ్ళీ కొట్టించాలి. బేసు గేటు పాసు ఉన్న వడ్రంగి కాబట్టే అతన్ని ఉంచుకున్నాడు. బేసువాళ్ళు ఒక్క ఫిర్యాదు చేస్తే పాసు పోతుంది, పాసు లేకపోతే వీసా లేదు. అతను ఊరికి, ఆవిడ ఇక్కడే. ఆవిడ ఒప్పందం ఇంకా చాలా మిగిలి ఉంది. ఇదంతా మా షెడ్డులో అందరికీ తెలుసు. అందరికంటే మేస్త్రికి తెలుసు.

గురువారం నేను బోర్డుల ప్రింట్లు తీయించడానికి జిదాఫ్స్ వెళ్ళాను. మచ్చ ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. దాన్ని చుట్టి చంకలో పెట్టుకుని మూడింటికో ఎప్పుడో షెడ్డులో అడుగు పెట్టగానే కొత్త చెక్క వాసన తగిలింది. మా దగ్గర ఎక్కువగా వాడేది ప్లైవుడ్డు. దానికి అంత మంచి వాసన ఉండదు.

మేస్త్రి పనిబల్ల కింద చిత్రిక పొట్టు గుట్టగా పడి ఉంది. తేనెరంగు చుట్టలు. వాటిలో కొన్ని నల్లవి. ఒకటి తీసి చూశాను, వేళ్ళ మధ్య పొడైపోయింది. బల్ల మీద ఆ చెక్క అప్పుడే కోసిన దానిలా మెరుస్తోంది. ఒక్క మరక లేదు. మచ్చ లేదు.

"ఏం జేసిన్రు మేస్త్రీ ఇది?"

"చూశారా ఎలా తేలిందో? పైన మసి పట్టి ఎవడికీ తెలీలేదు గానండి, లోపలంతా బంగారవండి. పాలిష్ ఒక్కటీ పడితే మొహం కనపడుద్ది."

నేను ఫోటో విప్పి బల్ల మీద పరిచాను. ముసలాయన చెప్పిందంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ అతను ఫోటోని, చెక్కని మార్చి మార్చి చూశాడు. చివర్న స్నేహితుడి మాట దగ్గర చేతిలో ఉన్న గుడ్డ కింద పెట్టాడు. తర్వాత అతనికి కోపం వచ్చింది. భయం వేసినప్పుడు అతనికి ముందు కోపం వస్తుంది.

అతని వాదన ఇది. వాళ్ళ నాన్న కొట్లో చిత్రిక తగలని చెక్క గడప దాటేది కాదు. ఎవరి చెక్కైనా సరే, ఎంత పాతదైనా సరే. సోమవారం సభ అన్నారు, పెద్దాయన వస్తున్నాడన్నారు, బాగా చేయమన్నారు. నలుగు పెట్టకుండా పెళ్ళికొడుకుని పీటల మీద కూర్చోబెడతారా? కొత్త ఫ్రేములో మాసిన చెక్క పెట్టి పంపిస్తే రేపు నవ్వేది ఎవరిని?

"ఆ ఓడ మీద మటుకు ఏం చేశారండి? కాలిన చెక్క తీసి మంచిది ఏశారని మీరే చదివి చెప్పారు కదా నిన్న. అదీ వడ్రంగోడే చేసుంటాడు. ఆడికి మెడల్ ఇచ్చుంటారు."

మెడల్ సంగతి బోర్డుల్లో లేదని చెప్పాను. అది జోకుగా పనిచేయలేదు.

దారులు వెతికాను. ఫోటో తీసేయవచ్చు, కథ చెరిపేయవచ్చు. కంప్యూటర్లో చరిత్రని మార్చడం చిటికెలో పని, ఎన్నో దేశాలు అదే పని మీద ఉన్నాయి. చెక్క మాత్రం మన మాట వినదు. ముసలాయన దాన్ని చిన్నప్పటి నుంచి చూస్తున్నాడు. ఇక మిగిలింది ఒక్కటే. ఫోటో చూసి మచ్చని మళ్ళీ పెట్టడం. పాత సామాను కావాలనే ఖాతాదార్లకి మేస్త్రి కొత్త చెక్కని పాతగా చేసివ్వడం నేను చాలాసార్లు చూశాను. గ్యాసు మంటతో కాల్చి, ఇనప పీచుతో రుద్ది, నిన్న చేసిన పెట్టెని ముత్తాత పెట్టెగా మార్చగలడు.

"మల్ల అట్లనే నలుపు జేయొస్తదా?" అని మెల్లగా అడిగాను.

అతను నావైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ బాగా గుర్తుంది.

"మనిషి కాలిపోయిన చోటని మీరే అంటన్నారు. అక్కడ నేను మంటెట్టి బొమ్మ గీయాలాండి?"

నేను ఫోటో చుట్టేశాను.

కఫీల్‌కి చెప్పక తప్పలేదు. ఆయన వచ్చి చెక్క మీద చేయి ముట్టించకుండా, ఒక ప్రమాదాన్ని చూసినట్టు దూరం నుంచి చూశాడు. మంచివాడే. అరిచేవాడు కాదు, అందుకే ఆయనంటే ఎక్కువ భయం. శనివారం పొద్దున బేసాయన చూడటానికి వస్తున్నాడని, ఆయన సంతోషంగా వెళితే వీసా అని, కోపంగా వెళితే ఖలాస్ అని తన హిందీలో చెప్పాడు. పెద్ద ఫోటో మిగతా బోర్డుల వెనక పెట్టమని నాతో అన్నాడు. వెళ్ళబోతూ ఆగి, బేసాయన రాగానే క్షమాపణ అడగమని మేస్త్రితో అన్నాడు. ఆయన నోరు తెరవకముందే అడగాలి. ముసలివాళ్ళు దాంతో మెత్తబడతారు.

కఫీల్ అటు వెళ్ళాడు, మేస్త్రి ఇటు తిరిగాడు. తప్పు చేస్తే మాఫీ అడుగుతాను, పని బాగా చేసినందుకు అడగాలా అన్నాడు. వాళ్ళ నాన్న ఆ మాట వింటే చితిలోంచి లేచొచ్చి చెంప పగలగొడతాడట. అలా లేచే తండ్రులు ఈ వ్యవహారంలో ఎక్కువైపోయారని నాకనిపించింది గానీ అనలేదు.

శుక్రవారం నన్ను కూడా సనాబిస్ రమ్మన్నాడు. తను చెబితే ఆవిడ తిడుతుందని, నేను చెబితే మర్యాదకి ఆగుతుందని అతని లెక్క. ఆవిడ టీ కొట్టు బయట మాకంటే ముందే వచ్చి కూర్చుని ఉంది. నేను చెప్పింది అంతా విని, మర్యాదకి ఆగలేదు.

"తప్పయిపోయిందంటే నీ సొమ్మేం పోద్దయ్యా?"

"తప్పు చేత్తే అంటానే."

"ముసలాయన బాబు జ్ఞాపకం గీకి పారేశావు. తప్పు కాదంట. ఇన్నేళ్ళకి ఒక ఊళ్ళో పడ్డాం, అది నీకు బరువైపోయింది."

అతను గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ నావైపు తిరిగి, ఇంగ్లీషులో ఏమనాలో చెప్పమంది. సారీ సార్ అంటే చాలన్నాను. అది నాకూ వచ్చు కదా అని భర్తకేసి చూసింది. అనమంది. అతను అటూ ఇటూ చూసి, ఆముదం మింగినట్టు అన్నాడు. ఆవిడ మళ్ళీ అనమంది. మళ్ళీ అన్నాడు. వెళ్ళేటప్పుడు ఆవిడ అతని చొక్కా కాలరు సరిచేసి, రేపు కూడా ఇదే వేసుకోమంది. తిరుగు బస్సులో అతను కిటికీలోంచి చూస్తూ ఆ రెండు మాటలూ లోలోపల అనుకోవడం నేను గమనించాను. పెదవులు కదులుతున్నాయి. నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

శనివారం పొద్దున ముసలాయన చెప్పిన సమయానికంటే ముందే వచ్చాడు. మంచి మనసుతో వచ్చాడు, అదే ఇబ్బందిగా ఉంది. బోర్డులన్నీ గోడకి ఆనించి వరసగా నిలబెట్టాం. మొదటి బోర్డు నుంచి నెమ్మదిగా, మోకాలు ఈడ్చుకుంటూ నడిచాడు. నవ్విన అడ్మిరల్స్ దగ్గర తనూ నవ్వాడు. విమానం నేర్చుకున్న ముసలి కెప్టెన్ల దగ్గర ఆగి, నావైపు చూసి బాగుందన్నాడు. నేను థాంక్స్ చెప్పాను. కఫీల్ ఆయన పక్కనే చేతులు కట్టుకుని నడుస్తున్నాడు. మేస్త్రి షెడ్డు చివర బల్ల దగ్గర నిలబడ్డాడు. నిన్నటి చొక్కానే. బల్ల మీద ఫ్రేము, ఫ్రేములో చెక్క, దాని మీద మేము గుడ్డ కప్పి ఉంచాం. గుడ్డ ఎవరు తీయాలో ముందు అనుకోలేదు.

మూడో బోర్డు దగ్గర ఆయన చాలాసేపు నిలబడ్డాడు. నాలుగోది చదవలేదు, నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఫోటో ఏదని అడిగాడు. వెనక ఉందని చెప్పాను. ఎందుకని అడగలేదు. గుడ్డ తనే తీశాడు.

షెడ్డులో ఎగ్జాస్టు ఫ్యాను ఒకటి ఎప్పుడూ కీచుమంటుంది. ఆ నిమిషంలో దాని చప్పుడు నాకు చాలా ఉపయోగపడింది.

ఆయన చేయి చాపి చెక్క మీద పెట్టాడు. వెతకలేదు. ఎప్పుడూ పెట్టే చోటే పెట్టాడు. మచ్చ ఉండాల్సిన చోటు అది. అక్కడ అరచేయి ఉంచి, కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి జరిపాడు. నున్నగా ఉంది. చేయి తీసి ఫ్రేము అంచులు చూశాడు, మూలలు కలిసిన చోట్లు చూశాడు, తప్పు చెక్క తెచ్చారేమోనని అనుమానపడినట్టు పక్కకి వంగి చెక్క అంచు చూశాడు. అది అదే చెక్క.

ఎవరు చేశారని అడిగాడు. గొంతు పెరగలేదు.

మేస్త్రి ఒక అడుగు ముందుకు వేసి, "నేనే సార్" అన్నాడు. ఆయనకి తెలుగు రాకపోయినా ఆ అడుగు అర్థమైంది.

ఎందుకని అడగమని నాతో అన్నాడు. నేను అడగలేదు, నాకు తెలిసిన జవాబే చెప్పాను. ఇతని కొట్లో చిత్రిక పట్టని చెక్క బయటికి వెళ్ళదని, పెద్దాయన ముందుకి మాసినది పంపడం అవమానమనుకున్నాడని, మచ్చ సంగతి ఇతనికి ఎవరూ చెప్పలేదని చెప్పాను. వీలైనంత మెత్తగా చెప్పాను. ఆయన వింటున్నాడో లేదో తెలియలేదు. చివరికి ఒక స్టూలు లాక్కుని, వంగని కాలు చాపుకుని కూర్చున్నాడు.

చెక్కని ఇలాగే పెడదామన్నాడు. ఫోటో కూడా పక్కనే పెట్టమన్నాడు. కింద రాసిన కథలో ఏమేం మార్చాలో తర్వాత చెబుతానన్నాడు. కఫీల్ మెల్లగా వదిలిన ఊపిరి నాకు వినిపించింది. ఫిర్యాదు రాస్తారా అని ఆయన వేరే మాటల్లో, చాలా మర్యాదగా అడిగాడు. ముసలాయన జవాబు చెప్పడానికి తొందరపడలేదు. ముందు ఈ మనిషి తనతో ఒక్క మాట అనాలన్నాడు. తన కోసం కాదు, తన తండ్రి కోసం. అది విన్నాక చెబుతానన్నాడు.

కఫీల్ ముఖంలో వెలుగు వచ్చింది. ఒక్క మాటే కదా. మేస్త్రి వైపు తిరిగి, బోలో భాయ్ అన్నాడు. నేను కూడా, "అనుండ్రి మేస్త్రీ, నిన్న అన్నరు గదా," అన్నాను.

మేస్త్రి ముసలాయన ముఖంలోకి చూశాడు. తర్వాత చెక్కని చూశాడు. కాలరు సర్దుకున్నాడు. పెదవులు కదిలాయి, బస్సులో కదిలినట్టే. ముసలాయన వినడానికి కొంచెం ముందుకి వంగాడు. మేస్త్రి ఆయన్ని వదిలి నావైపు తిరిగాడు.

"అంత పేణవైన చెక్కయితే వడ్రంగోడి కొట్లో ఒదిలేసి ఎళ్ళకూడదండి. ఈ ముక్క ముందు ఆయనకి చెప్పండి."